ఇంటికొక ఎక్స్‌రే

ఉదయగిరిలో లారీ దిగేసరికి వాన ఆగిపోయింది. దుర్గం కొండ మీది నుంచి నీళ్లు మాత్రం ఇంకా దూకుతూనే ఉన్నాయి. నవంబరు నెల, మధ్యాహ్నం మూడు గంటలు. కొండ పైసగం మబ్బులో ఉంది. రోడ్డు మీద ఎర్రబురద పిక్కల దాకా వచ్చింది. జెనరేటరు, మందుల పెట్టెలు, స్ట్రెచర్లు, రేడియో సెట్టు దించుకున్నాం. ఆఖరున ఎక్స్‌రే యంత్రం దించాం. అది నా పూచీ. చేత్తో ఎత్తేంత చిన్నది, బ్యాటరీతో నడుస్తుంది. దాంతో పాటు బొమ్మ పడే పలక ఒకటి, ఒక లాప్‌టాప్, రెండు సీసం ఏప్రాన్లు. ఏప్రాన్ తడిస్తే ఆరబెట్టాలి, మడత పెడితే లోపల సీసం చిట్లుతుంది. అందుకని రెండూ నా భుజాల మీదే వేసుకుని లోపలికి నడిచాను.

సైన్యంలో పనిచేసి వచ్చానంటే మీరంతా మంచుకొండల గురించి అడుగుతారు. అక్కడా ఉన్నాను. ఆ కథలు సన్మానాల్లో బాగానే చెబుతాను, మీరు కాఫీ చల్లారబెట్టుకుని మరీ వింటారు. ఈ డ్యూటీ గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇది మన గడ్డ మీద, వరద రోజుల్లో చేసింది. తుపాకీ లేదు, శత్రువు లేడు. ఇరవై ఏళ్ల సర్వీసులో నాకు దెబ్బ తగిలింది మాత్రం ఇక్కడే.

నేను సైన్యం వైద్య విభాగంలో హవల్దార్‌ని, ఎక్స్‌రే తీసేవాణ్ణి. పుట్టింది వరికుంటపాడు పక్కన. నాయన, అమ్మ పోయాక ఈ చుట్టుపక్కల నాకు మిగిలింది ఒక్క అక్క. ఆమెను మా మేనత్త కొడుక్కే ఇచ్చారు. కొండాపురం దగ్గర పల్లె, గొర్రెల మంద, అయిదేళ్ల కూతురు. బావా నేనూ ఇంచుమించు ఒకే ఈడు వాళ్లం, కలిసి పెరిగాం. వరదలో వాళ్ల ఇంటి గోడ కూలితే అక్క, పాప ఉదయగిరి శిబిరానికి వచ్చి ఉన్నారు. ఆ సంగతి నాకు లారీ దిగాకే తెలిసింది.

శిబిరం పాత మిషన్ కాంపౌండులోని హాలు. రేకుల కప్పు, పొడుగ్గా ఉంటుంది. మూడు పల్లెల జనం అందులోనే ఉన్నారు. మేకలను వరండాలో కట్టేశారు. మా జట్టుకు పెద్ద కెప్టెన్ మేడమ్, డాక్టరు, మాట తక్కువ మనిషి. నాకు సాయంగా ఒక నర్సింగ్ అసిస్టెంట్, ఒడిశా వాడు. రేడియో దగ్గర కూర్చునే సిగ్నల్ మనిషి తమిళుడు. మాలో సగం మంది ఆత్మకూరులో దిగారు. ఫోన్ టవర్లు పడిపోయాయి కనుక రెండు ఊళ్ల మధ్యా మాట ఆ సెట్టు మీదే.

రెండో రోజు హాల్లో ఒకతను దగ్గితే గుడ్డలో రక్తం పడింది. మేడమ్ అతన్ని నెల్లూరుకు పంపారు. టీబీ అని కబురొచ్చింది. ఇంతమంది ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ పడుకుంటున్న చోటు అది. మేడమ్ వెంటనే ఆర్డరు ఇచ్చారు. రెండు వారాలు దాటి దగ్గుతున్న ప్రతి మనిషికీ, వాళ్ల ఇంట్లో వాళ్లకీ ఛాతీ ఎక్స్‌రే తీయాలి. అనుమానం వచ్చినవాళ్లకు కళ్లె పరీక్ష చేయించాలి. మర్నాడు పొద్దున ఏడింటికి మొదలు.

ఏడింటికి యంత్రం సిద్ధం. మనిషి లేడు. ఎనిమిదయింది, తొమ్మిదయింది. హాల్లో ఏం నడుస్తోందో నేను వెళ్లి విన్నాను. ఆ మిషన్ ముందు నిలబడితే ఎముకల్లో గుజ్జు ఎండిపోతుందంట. మగవాళ్లకు పిల్లలు పుట్టరంట. ఆ కరెంటు ఒంట్లోనే ఉండిపోయి పక్కన పడుకున్నవాళ్లకు కూడా తగులుతుందంట. ఒక అవ్వ అయితే చచ్చినోళ్లకు తీసే బొమ్మ బతికున్నోళ్లకు ఎందుకని నన్నే నిలదీసింది. మేడమ్‌కి తెలుగు రాదు. నా వంక చూసి, ఇది మీ ఊరు, మీరే మాట్లాడండి అన్నారు.

బెంచీ ఎక్కి మాట్లాడాను. ఏప్రాన్ తొడుక్కునే మాట్లాడాను, అదెందుకో అందరూ అడుగుతారని. ఒక్క ఛాతీ బొమ్మకు తగిలే కిరణాలు చాలా కొద్ది అని చెప్పాను. మనం తిరిగే నేల నుంచి, పైన ఆకాశం నుంచి కొద్ది రోజుల్లో మనకు ఎలాగూ తగిలేంతే. బటన్ మీద వేలు తీస్తే లైటు ఆర్పినట్టు ఆరిపోతుంది, ఒంట్లో ఏదీ మిగలదు. నేను రోజుకు ఎంతోమందికి తీస్తాను, ఏళ్ల తరబడి తీస్తాను, ప్రతిసారీ దగ్గరే ఉంటాను కాబట్టి నాకు ఏప్రాన్ కావాలి, మీకు ఒక్కసారే. కడుపుతో ఉన్నవాళ్లు ముందే చెప్పండి, మీ లెక్క వేరుగా చూస్తాం. అవసరం లేనిదే ఎవరికీ తీయం. తీస్తే మాత్రం జబ్బు ముదరకముందే కనబడుతుంది, మందులు ఊరికే ఇస్తారు, ఆరు నెలలు మానకుండా మింగితే నయమవుతుంది. ఇంతా చెప్పి దిగాను. జనం విన్నారు. విని మళ్లీ వాళ్ల వాళ్ల చాపల మీదికి పోయారు.

అప్పుడొచ్చాడు మా బావ. మెళ్లో తువ్వాలు, చేతిలో కర్ర, మోకాళ్ల దాకా బురద. మందను మెరక మీదికి తోలి, మిగిలిన గొర్రెలను లెక్క చూసుకుని వస్తున్నాడు. కొన్ని వరదలో పోయాయి. వస్తూనే సంగతి కనుక్కుని హాలు మధ్యలో నిలబడ్డాడు.

"ఈ మిషను మా బామ్మర్దిదిరా. వాడేమన్నా మనల్ని చంపడానికి వచ్చినాడా? లెయ్యండి, వరసలో నిలబడండి."

బావ మాటకు ఆ పల్లెల్లో విలువ ఉంది. లేచారు. నన్ను నిలదీసిన అవ్వనే ముందు పట్టుకొచ్చాడు. చొక్కాలు విప్పించాడు, తాళ్లు, దండలు తీయించాడు, ఎవరి వంతు ఎప్పుడో అరిచి చెప్పాడు. మధ్యమధ్య పక్కకు తిరిగి దగ్గుతున్నాడు. నేను పలక ముందు ఒక్కొక్కరినే నిలబెట్టి గడ్డం పైకెత్తించి, భుజాలు ముందుకు వంచి, ఊపిరి బిగబట్టించాను. సాయంత్రానికి మేడమ్ నా భుజం తట్టారు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది. మా వాళ్లు నా మాట నమ్మారు, మా బావ నమ్మించాడు.

బావను కూడా నిలబడమన్నాను. బాగా తగ్గిపోయి ఉన్నాడు, బుగ్గలు లోపలికి పోయాయి. వానకు తడిసిన దగ్గులే అని నవ్వేశాడు. జనమంతా అయ్యాక తనది చూద్దామన్నాడు. సరేనని పేరు రాసి చీటీ చేతికిచ్చాను. బొమ్మ వచ్చేదాకా పాపను దూరంగా పడుకోబెట్టమని అక్కకు చెప్పాను. అక్క తలూపింది.

మర్నాడు తెల్లవారకముందే నన్ను ఆత్మకూరుకు పంపమని సెట్టు మీద ఆర్డరు వచ్చింది. అక్కడ మట్టిగోడలు నాని మనుషుల మీద పడుతున్నాయి. కాళ్లు, చేతులు, నడుములు. యంత్రం ఇంకొకటి ఆత్మకూరులో ఉంది గానీ, తీసేవాడు జ్వరంతో పడ్డాడు. ఉదయగిరిలో మిగిలిన ఛాతీలు అసిస్టెంట్‌కు అప్పగించి జీపెక్కాను. రోడ్డు రెండు చోట్ల తెగి ఉంది. నీళ్లలో దిగి, ముందు నడిచి, జీపును వెనకాల రానిచ్చాం.

ఆత్మకూరులో రెండు రోజులు నడుం వాల్చలేదు. ఒక పెద్దాయన కాలికి వెదురుబద్దల కట్టు కట్టించుకుని వచ్చాడు. కట్టు చూస్తే చక్కగా ఉంది, కాలు నిటారుగా ఉంది. బొమ్మలో చూస్తే ఎముక ముక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అలాగే అతుక్కుంటే జన్మంతా కుంటేవాడు. ఆయన్ను నెల్లూరుకు పంపించాం. ఎక్స్‌రే ఎందుకూ అని అడిగేవాళ్లకు నేను ఇప్పటికీ ఆ కాలి గురించే చెబుతాను.

రెండో రోజు మధ్యాహ్నం సెట్టు మీద అసిస్టెంట్ గొంతు వినిపించింది.

"ఆత్మకూరు, ఉదయగిరి. మీ బావగారిది తీశాను. మేడమ్ చూశారు. ఛాతీ శుభ్రంగా ఉంది. ఓవర్."

మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పాడు. అడ్డదిడ్డంగా పడి ఉన్న కంప చెట్ల మధ్య నిలబడి తేలిగ్గా ఊపిరి తీసుకున్నాను. ఉదయగిరి సిగ్నల్ మనిషిని హాల్లోకి వెళ్లి మా అక్కకు చెప్పమన్నాను, బావకు ఏమీ లేదు, పాప నాయన దగ్గరే పడుకోవచ్చు అని. అతను తనకొచ్చిన తమిళం కలిసిన తెలుగులో వెళ్లి చెప్పాడు. ఆమె ఏమంది అని అడిగితే, ఏమీ అనలేదు సార్, సరే అని తల దించుకున్నారు అన్నాడు. సంతోషంతో మాట రాలేదనుకున్నాను.

నేను తిరిగి ఉదయగిరి చేరేసరికి ఎండ కాసింది. నీళ్లు తీశాయి. సగం జనం ఇళ్లకు పోయారు. మాకు కూడా ఎల్లుండి పొద్దున బయల్దేరమని ఆర్డరు వచ్చింది. తీసిన బొమ్మలన్నీ జిల్లా టీబీ వాళ్లకు పంపాలి. మర్నాడు ఉదయం లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కొక్కటే తెరిచి, పేరు సరిచూసి, పక్కకు పెడుతున్నాను. బావ పేరు వచ్చింది. తెరిచాను.

ఊపిరితిత్తులు రెండూ నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. మేడమ్ చూసింది సరిగ్గానే చూశారు. నా కళ్లు మాత్రం వాటి మీద నిలవలేదు. పైన ఎడమ కాలరు ఎముక నున్నగా ఉంది.

పదేళ్లప్పుడు బావా నేనూ దుర్గం కొండ మీద సీతాఫలాలకు పోయాం. బావ కోటగోడ మీది నుంచి జారి పడ్డాడు. ఎడమ కాలరు ఎముక విరిగింది. వీపు మీద మోసుకుని కొండ దించింది నేనే. ఎముక వంకరగా అతుక్కుని అక్కడ నిమ్మకాయంత బుడిపె నిలిచిపోయింది, చొక్కా లేకుండా ఉంటే ఇప్పటికీ కనిపిస్తుంది. బొమ్మ కుడి ఎడమలు తారుమారయ్యాయేమోనని తిప్పి చూశాను. అటూ నున్నగానే ఉంది. పేరు మా బావది. మనిషి మా బావ కాదు.

అసిస్టెంట్‌ను పిలిచి, ఈ బొమ్మ తీయించుకున్న మనిషి ఎలా ఉంటాడని అడిగాను. చీటీ ఇచ్చాడు, పేరు అడిగితే అదే పేరు చెప్పాడు, లావుపాటి మనిషి అన్నాడు. ఆ పిల్లాడిని అనడానికేముంది, మొదటి రోజంతా లాప్‌టాప్ ముందు తల వంచుకుని కూర్చున్నాడు, అతనికి మా మొహాలన్నీ ఒకటే. మా చుట్టాల్లో లావుపాటి మనిషి ఒక్కడే ఉన్నాడు, బావ తమ్ముడు. వరికుంటపాడులో టీ అంగడి, అన్న కోసం శిబిరానికి వచ్చిపోతున్నాడు. ఏ రోజూ తుమ్మి ఎరగడు.

  ఆ హాలు మధ్యలో నిలబడి మా బామ్మర్ది మిషను అని అరిచిన మనిషి, అందరినీ ఆ పలక ముందుకు తోసిన మనిషి, తన వంతు వచ్చేసరికి తమ్ముణ్ణి పంపాడు. నా మాట మీద అంత నమ్మకం ఊరి వాళ్లకు అమ్మాడు, తన దగ్గర మాత్రం చిల్లిగవ్వంత కూడా ఉంచుకోలేదు.

మేడమ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె బొమ్మను ఇంకోసారి చూసి, అతన్ని తీసుకురండి, బయల్దేరేలోపు తీద్దాం అన్నారు.  బావ హాల్లో లేడు. ముందురోజే గొర్రెలను లారీకెక్కించి, మంద కట్టడానికి చేజర్ల తీసుకుపోయాడన్నారు. సామాను అప్పజెప్పడానికి జీపు ఆత్మకూరు పోతుంటే ఎక్కాను, చేజర్ల దాకా దింపమన్నాను.

మంద కట్టడమంటే మీలో టౌను వాళ్లకు తెలియకపోవచ్చు. నాట్లకు ముందు రైతు తన చేలో గొర్రెల మందను రాత్రిళ్లు పడుకోబెట్టించుకుంటాడు. ఆ పెంటికలే ఎరువు. మంద వాడికి వడ్లో, డబ్బో ఇచ్చి, ఆ నాలుగు రోజులూ ఇంటి నుంచి అన్నం పెడతాడు. వరదతో నాట్లు వెనకబడిన మెరక చేలకు అప్పుడు మంచి గిరాకీ. చేజర్ల దాటాక చేను పక్కనే ఉన్న ఇంటి ముందు ఒక రైతు నా యూనిఫాం చూసి ఎదురొచ్చాడు.

"నువ్వేనా ఆ బామ్మర్దివి? దగ్గుతుండాడని ముందు నేను వద్దనుకున్నా. మిలిటరీ వాళ్లే చూసి బాగుండాదని చెప్పినారంట గదా. ఇంక భయమేంది, మా ఇంట్లోనే తింటా ఉండాడు."

 నా మాటను పరీక్ష కాగితంలా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడన్న మాట. ఆ రైతు వెనక అతని భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. బావ వాళ్ల వరండాలో కూర్చుని వాళ్ల పళ్లెంలో తింటున్నాడు.

బావను చేలోకి రమ్మన్నాను. గొర్రెలు మా చుట్టూ మూగాయి. తడి ఉన్ని వాసన.

"నీ కాలరు ఎముక ఎప్పుడు బాగైంది బావా?"

అతని చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ భుజం మీదికి పోయింది. అబద్ధం ఆడాలని కూడా చూడలేదు. తమ్ముడు నిలబడినాడు అన్నాడు. అయితే ఏమైంది అన్నట్టే అన్నాడు. మందలో జబ్బు పడితే ఒకదాన్ని కోసి ఊపిరితిత్తులు చూస్తాం, దాన్నిబట్టి మంద సంగతి తెలిసిపోతుంది, ప్రతి గొర్రెనూ కోసుకుంటామా అన్నాడు. ఒకే కడుపున పుట్టిన వాళ్లం, ఇంటికొకటి తీస్తే చాలదా అన్నాడు.

"కోసేటప్పుడు బక్కదాన్ని కోస్తారు బావా. నువ్వు బలిసినదాన్ని ఏరి పంపినావు."

 కర్రతో బురదలో గీతలు గీస్తూ నిలబడ్డాడు. తర్వాత దగ్గు తెర వచ్చింది. వంగి, మోకాళ్లు పట్టుకుని దగ్గాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తగ్గాక తువ్వాలును చూసుకోకుండానే మడిచాడు. చూసుకోకుండా మడవడం అలవాటైన మనిషని అప్పుడు తెలిసింది.

"నాకుండాదంటే ఈ మందను ఎవురు పిలుస్తారురా? వరదలో పోయింది పోంగా మిగిలిందిదే. నన్నొక్కణ్ణే అడగబాక. చీటీ మా తమ్ముడి చేతిలో పెట్టింది మీ అక్క."

రేపు పొద్దున ఏడింటికి పలక ముందు ఉండాలని, లేకపోతే ఈ రైతుకు నేనే చెబుతానని అన్నాను.  నిజానికి రేపటిదాకా ఆగలేదు. రైతును పక్కకు పిలిచి, పరీక్ష సరిగ్గా జరగలేదు, మళ్లీ తీయాలి, అందాకా వేరుగా పెట్టండి అని అప్పుడే చెప్పాను. అతని మొహం మారిపోయింది. మారితే మారనీ అనుకున్నాను. ఆ పళ్లెంలో పిల్లలు కూడా తింటున్నారు.

తిరుగుదారిలో నాలో నేను ఒక్కటే అనుకుంటూ వచ్చాను, బావ నా మీద కోపంతో అక్క మీద వేసి ఉంటాడని. అక్క అలా చేయదు. నాయన పోయినప్పుడు నాకు సెలవు దొరకకపోతే, కొడుకు చేయాల్సినవన్నీ తనే దగ్గరుండి చేయించిన మనిషి. ట్రైనింగులో కాలు బెణికిందని రాస్తే ఊరంతా తిరిగి పావలా అర్ధా పోగు చేసి నూనె పంపిన మనిషి.

సాయంత్రం నాలుగింటికి హాల్లోకి వెళ్లాను. అక్క పాపకు తల దువ్వుతోంది. పక్కన కూర్చున్నాను.

"చీటీ నువ్వే ఇచ్చినావా అక్కా?"

"ఇచ్చినాను."

దువ్వెన ఆగలేదు.  ఆమే చెప్పింది, పాప జడ అల్లుతూ, నా మొహం చూడకుండా.

"నువ్వు బొమ్మ తీసుకోని పోతావు. ఆయనకా జబ్బుండాదని నలుగురికీ తెలిసినాక ఈడ బతకాల్సింది మేము. నీకు చెప్పుంటే దాస్తావా?"

"దాయను."

"అందుకే చెప్పలా."

మరి పాపను నాయన దగ్గర పడుకోబెట్టవచ్చని నేను కబురు పంపినప్పుడు ఎందుకు ఊరుకున్నావని అడిగాను. పక్క చాపల వాళ్లంతా అక్కడే కూర్చుని విన్నారంది. వద్దంటే ఎందుకని అడుగుతారంది. అందుకని సరే అన్నానంది.  బావ చేసిన మోసం ఒక ఎత్తు. అమ్మ పోయాక నాకు అమ్మలా నిలిచిన మనిషి, నా నోటితో వచ్చిన అబద్ధాన్ని నిజంలా తల దించుకుని పుచ్చుకుంది. బావ మంద దగ్గరికి పోయిన ఆ పూట, నేను చెప్పింది తప్పని ఆ హాల్లో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

అప్పుడు పాప దగ్గింది. చిన్న దగ్గు, పొడి దగ్గు. ఎన్నాళ్లుగా అని అడిగాను. దసరా నుంచి అంది అక్క. పాప చేయి పట్టుకున్నాను. నా రెండు వేళ్లు చుట్టి ఇంకా మిగిలాయి.

మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. యంత్రం అప్పటికే పెట్టెలో పెట్టేశాం. ఆమె పాపను చూసి, మెడ కింద తడిమి, పెట్టె తెరవమన్నారు. పిల్లలకు తీసేటప్పుడు కిరణాలు బాగా తగ్గిస్తాం, వెలుగు పడే గడిని ఛాతీ మేరకే బిగిస్తాం, నడుం కింద ఏప్రాన్ చుడతాం. కదలకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. అక్క ముందుకొచ్చింది. మేడమ్ ఒక ప్రశ్న అడిగారు, దాన్ని తెలుగులో నేనే అడగాల్సి వచ్చింది. కడుపుతో ఏమన్నా ఉండావా అని మా అక్కను అడిగాను. లేదంది. ఆ ఒక్క మాటకు నిజమా అని తిరిగి అడిగాను. అంతకు ముందు జన్మలో అడిగి ఉండను. అక్క నా వంక మొదటిసారి సూటిగా చూసి, నిజమే అంది.

ఆమె భుజాల మీద ఏప్రాన్ నేనే వేశాను. బరువుకు కాస్త వంగింది. పాపను స్టూలు మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ పైకెత్తి పట్టుకోమన్నాను. పాప ఏడవలేదు. ఊపిరి పీల్చమని నేను పీల్చి చూపించాను. పీల్చింది. బటన్ నొక్కే క్షణంలో కిందికి జారింది. జారితే అక్క వేళ్లు గడిలోకి వచ్చేశాయి. రాకూడదు. మళ్లీ తీయనా అని అడిగాను. మేడమ్ తెర చూసి వద్దన్నారు. చదవడానికి చాలు, పిల్లకు అనవసరంగా రెండోసారి ఎందుకు అన్నారు. తర్వాత తెర మీద వేలు పెట్టి చూపించారు. గుండె పక్కన గ్రంథి ఉబ్బి నీడలా ఉంది. ఇది ఈ రెండు రోజుల్లో అంటింది కాదు, ఒకే కప్పు కింద నెలల తరబడి పీలిస్తే వచ్చింది, పరీక్షలు చేయించి మందు మొదలెడతారు, సమయానికే దొరికింది అన్నారు. నేను అక్కకు తెలుగులో చెప్పాను. అక్క నేల మీద కూలబడింది. లేపాలనిపించలేదు. మేడమ్ లేపారు.

పొద్దున ఏడు గాక ముందే బావ వచ్చాడు. ఎవరో పాప సంగతి చెప్పి ఉంటారు, మొహం పీక్కుపోయి ఉంది. చొక్కా తనే విప్పి పలక ముందు నిలబడ్డాడు. నేను మాట్లాడింది రెండే, ఊపిరి పీల్చు, బిగబట్టు. తెర మీద కాలరు ఎముక బుడిపె కనబడింది. దాని కింద ఊపిరితిత్తి పైభాగాన తెల్లటి మచ్చ, మచ్చ మధ్యలో నల్లటి గుంత. డబ్బాలో కళ్లె పట్టించి పంపాం. చొక్కా తొడుక్కుంటూ, చేజర్లలో మంద తోలేయమన్నారు అన్నాడు. నీ వల్లే అనలేదు. అనాల్సిన పని లేదు.

తొమ్మిదింటికి లారీ కదిలింది. ఆత్మకూరు మీదుగా నెల్లూరు, అక్కడి నుంచి రైలు. రోడ్డు తెగిన చోట్ల అప్పటికే కంకర పోశారు. అక్క గేటు దాకా రాలేదు.

ఇద్దరికీ నయమైంది, అది కూడా చెప్పాలి. ఆరు నెలలు సర్కారు మందులు మింగారు. నర్సమ్మ ఇంటికొచ్చి మరీ మింగించింది. పాప ఇప్పుడు హైస్కూలు, పరుగుపందేల్లో ఉంటుంది. రైతు ఇంట్లో ఎవరికీ ఏమీ రాలేదు. మందను మాత్రం ఆ ఏడాది ఎవరూ పిలవలేదు. బావ సగం గొర్రెలు అమ్ముకున్నాడు. నలుగురిలో కూర్చుంటే, మా బామ్మర్ది మా నోటికాడ కూడు తీసినాడు అంటాడంట. తమ్ముణ్ణి నిలబెట్టింది మాత్రం చెప్పడంట. పండక్కి అక్క ఫోన్ చేస్తుంది. వానలు, ధరలు, పాప చదువు మాట్లాడుకుంటాం. ఆ హాలు గురించి ఇద్దరం ఎత్తం.

రిటైరై వచ్చాక ఆత్మకూరులోనే ఉంటున్నాను. ఎక్స్‌రే తీయించుకుంటే ఏమన్నా అవుతుందా అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. బెంచీ మీద చెప్పిందే చెబుతాను, ఒక్క ముక్క మార్చను. ఆ యంత్రం నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు.

యూనిట్‌కు చేరాక లాప్‌టాప్‌లోని బొమ్మలన్నీ తుడిచేయమని ఆర్డరు. జిల్లాకు పంపేసినవే కదా. ఒక్కొక్కటే తుడిచాను. పాపది ఆఖరున మిగిలింది. దాన్నీ తుడిచాను. తెర ఖాళీ అయింది, నా కళ్ల ముందు నుంచి మాత్రం పోలేదు. నల్లటి వెలుగులో బుట్ట చువ్వల్లా సన్నటి పక్కటెముకలు. పై అంచున చెరో వైపు నుంచి దిగిన మా అక్క వేళ్లు, కణుపు కణుపూ తెలిసేలా, ఆ చిన్న చేతులను ఎముకకు ఎముక ఆనేటట్టు పట్టుకుని ఉన్నాయి. బిడ్డను అంత గట్టిగా పట్టుకున్న మనిషి, అన్ని నెలలు బావ దగ్గు వింటూ నాకు ఒక్క మాట చెప్పలేదు.